పటములో కానరాని పాతర



2023వ సంవత్సరము జూలై 22వ తేదీ తెల్లవారుజామున మా యింట టెలిఫోను మ్రోగెను. వేళగాని వేళ మ్రోగుటచే మా గుండె ఝల్లుమనెను. తీసి చూడగా అమెరికాలో కాపురమున్న మా పినతల్లిగారి కోడలు మాట్లాడుచుండెను. "వదినగారూ, మన దేశమునుండి ఇక బియ్యము రావటగా! ఇక్కడ దుకాణములో జనము ఒకరినొకరు త్రోసికొనుచున్నారు. నేనును పది బస్తాలు తెచ్చి కారు పెట్టుకొను గదిలో వేయించినాను. చాలునందురా, ఇంకను తెమ్మందురా?" అని ఆయాసపడుచు నడిగెను. వారింట తినువారు ముగ్గురు. అందొకడు అయిదేండ్ల బాలుడు. వేరేమి చెప్పుటకును తోచక, పురుగు పట్టకుండ చూచుకొమ్మని మాత్రము చెప్పి ఊరకుంటిమి.

అంతకు రెండు దినములు ముందుగా, జూలై 20వ తేదీన, భారత ప్రభుత్వమువారు బాస్మతి కాని తెల్ల బియ్యమును విదేశములకు పంపుట నిషేధించిరి. గిడ్డంగులలో బియ్యము లేక కాదు, దేశములో ధర పెరుగుచున్నదని. ఆ వారమున మా యింటికి వచ్చిన ఒక పత్రికలో వార్తతోపాటు ఒక చిత్రపటమును ముద్రించిరి. ప్రపంచ పటముమీద మన దేశమునుండి నలుదెసలకు రంగుపట్టీలు బయలుదేరియున్నవి. ఎక్కువ బియ్యము పోవు దేశమునకు లావు పట్టీ, తక్కువ పోవు దేశమునకు సన్నపు పట్టీ. అమెరికాకు పోవునది దారమువలె నున్నది. ఆఫ్రికా పడమటి తీరముననున్న బెనిన్, సెనెగాల్ మొదలగు చిన్న దేశములకు పోవునవి మోకులవలె నున్నవి. మా మనుమరాలు, తొమ్మిదేండ్ల పిల్ల, మా భుజముమీదుగ తొంగిచూచి, "అమ్మమ్మా, ఈ తాళ్లన్నీ మన దగ్గర దేనికి కట్టారు?" అని యడిగెను.

నిజమే. పట్టీ చివర ఎక్కడనున్నదో పటము చక్కగా చూపినది. మొదలు దేనికి కట్టియున్నదో చూపలేదు. మన దేశపు నడిబొడ్డున ఒక చుక్క పెట్టి, అన్ని పట్టీలను దానినుండియే లాగివిడిచిరి. పిల్ల ప్రశ్నకు ఆనాడు మేము సరియైన సమాధానము చెప్పలేదు. అది మనస్సులో నిలిచిపోయి, ఇట్టి చిత్రముల పుట్టుపూర్వోత్తరములను కొంత చదువుకొనునట్లు చేసెను. ఆ చదివినదే ఈ నెల సోదరీమణుల ముందుంచుచున్నాము.

అంకెల పట్టికను చూచినతోడనే పుట త్రిప్పివేయువారము మనలో అనేకులము. అట్టివారము గూడ రంగుపట్టీని చూచి ఆగుదుము. మానవుల యీ స్వభావమును మొట్టమొదట చక్కగా కనిపెట్టినవాడు విలియం ప్లేఫేర్ అను స్కాట్లండు దేశీయుడు. ఆవిరియంత్రముచే ప్రసిద్ధికెక్కిన జేమ్సు వాట్ వద్ద నక్షాలు గీయుచు పనిచేసినవాడు. అతడు 1786లో లండనునందు, ఇంగ్లండునకు ఇతర దేశములతోగల వర్తకమును గీతలలో చూపు గ్రంథమును ప్రకటించెను. అడ్డముగ సంవత్సరములు, నిలువుగ ద్రవ్యము. దిగుమతి కొక గీత, ఎగుమతి కొక గీత. రెండు గీతల నడుమనున్న ఖాళీయే లాభనష్టము. నేడు బడిపిల్లలు గూడ గీయు ఈ చిత్రము ఆనాటివారికి వింతగ తోచెను. ద్రవ్యమును గీతతో కొలుచు టెట్లని శంకించినవారికి అతడు చెప్పిన ఉపమానము మనకు నచ్చునట్టిది. ఒక వర్తకుడు ఏ దినమున వచ్చిన బంగారు నాణెములను ఆ దినమే ఒకదానిపై నొకటిగ పేర్చి, ప్రతి సాయంకాలము క్రొత్త దొంతి వేసెనను కొనుడు. దొంతుల వరుసను దూరమునుండి చూచిన చాలును, ఏ నాడు వ్యాపారము హెచ్చినదో ఏ నాడు తగ్గినదో తెలియును. గీత యనునది ఆ దొంతుల తలలను కలుపుచు పోవు దారి మాత్రమే.

ఆ గ్రంథములోని 44 చిత్రములలో 43 ఇట్టి కాలగీతలే. మిగిలిన యొక్కదానికి మాత్రము, స్కాట్లండు వర్తకమునుగూర్చి ఒక్క సంవత్సరపు లెక్కలే దొరకుటచే, గీత సాగదీయ వీలుకాక, ఒక్కొక్క దేశమున కొక్కొక్క కడ్డీని గీసి సరిపెట్టెను. దానిని తక్కువరకపు చిత్రముగ నెంచి సంకోచించెను గూడ. నేడు ఎన్నికల ఫలితములనుండి క్రికెట్టు ఆటవరకు పత్రికలలో మనము చూచు కడ్డీల చిత్రమునకు అదియే తల్లి. సరకు చాలనప్పుడు చేసిన వంటకము ఒక్కొక్కప్పుడు ఇంట స్థిరపడిపోవుట మన మెరుగనిదా?

పటముమీద పట్టీలు పరచు విద్యలో అందరికంటె మిన్నయైనవాడు ఫ్రాన్సు దేశపు ఇంజనీరు షార్ల్ జోసెఫ్ మినార్. వంతెనలు, కాలువలు, రేవులు కట్టించు శాఖలో జీవితమంతయు గడపి, 1851లో, డెబ్బదియవ యేట, ఉద్యోగము విరమించెను. ఆ వయస్సున చాలమంది పడకకుర్చీ చేరుదురు. ఆయన కాగితము, కలము పట్టి, 1870లో చనిపోవువరకు పటములు గీయుచునే యుండెను. నెపోలియను సేన 1812లో రష్యాకు పోయి ఎట్లు కరగిపోయినదో చూపు ఆయన చిత్రమును లోకమంతయు కొనియాడును. మాకు మాత్రము ఆయన దూది పటము మరింత ముఖ్యముగ తోచుచున్నది, ఏలయన అందు మనమున్నాము.

ఆ పటములో ఐరోపాకు వచ్చిన దూదిని 1858, 1864, 1865 సంవత్సరములకు ప్రక్క ప్రక్కన గీసెను. మొదటి పటములో అమెరికానుండి ఇంగ్లండునకు పోవు పట్టీ అట్లాంటిక్ సముద్రముమీద ఒక మహానదివలె నున్నది. మనదేశమునుండి పోవునది దాని ముందర పిల్లకాలువ. పిమ్మట 1861లో అమెరికాలో ఉత్తర దక్షిణ రాష్ట్రములకు యుద్ధము వచ్చెను. బానిసలచే దూది పండించు దక్షిణపు రేవులను ఉత్తరమువారు ఓడలతో దిగ్బంధము చేసిరి. 1864 పటములో ఆ మహానది ఎండిపోయినది. మన పిల్లకాలువ ఉప్పొంగి, ఆఫ్రికా దక్షిణాగ్రమును చుట్టివచ్చు ఏరైనది. పట్టీలు లావెక్కి ఐరోపా సముద్రసంధులలో పట్టక, మినార్ తీరములను కొంచెము ప్రక్కకు జరిపి గీసెను. వర్తకమునకు దారి ఇచ్చుటకై భూమిని జరిపినవా డని మేము నవ్వుకొంటిమి.

ఇంగ్లండులోని లాంకషైరు మిల్లులకు అంతకుముందు వచ్చుచుండిన దూదిలో ముప్పాతికపాలు అమెరికాదే. అది నిలిచిపోగా వేలకొలది మిల్లు కూలీలు, వారిలో స్త్రీలును పిల్లలును, పని లేక తిండి లేక అలమటించిరి. మన పొట్టిపింజ దూది వారి మరలలో మాటిమాటికి తెగుచుండెడిది. అయినను దానినే కొనక తప్పలేదు. బొంబాయి వర్తకులు రాత్రికి రాత్రి కోటీశ్వరులైరి. మన కృష్ణా, గుంటూరు ప్రాంతముల ఎఱ్ఱదూదికి సీమ బజారులో 'కొకనాడ' అను పేరు స్థిరపడిన దన్నచో, కాకినాడ రేవునుండి ఎంత దూది ఓడలెక్కినదో ఊహింపవచ్చును.

1865లో యుద్ధము ముగిసెను. అమెరికా దూది మరల కదలెను. మన దూది ధర పడిపోయెను. బొంబాయిలో వాటాల బేరములు కూలి, ముందటి యేడు కోటీశ్వరులైనవారు దివాలా తీసిరి. ధర హెచ్చిననాడు ధైర్యముతో అప్పులు చేసిన దక్కను రైతులకు ధర తగ్గినను అప్పు తగ్గలేదు. 1875లో పూనా, అహమ్మదునగరు జిల్లాల రైతులు షావుకార్ల యిండ్లపై బడి ప్రామిసరీనోట్లు లాగికొని తగులబెట్టిరి. పదేండ్లనాటి ఆ దూది ధరల యెగుడుదిగుళ్లు దానికొక కారణమని చరిత్రకారులు చెప్పుదురు. మినార్ పటములో ఈ రైతు ఏడి? ఏరు పొంగినట్లు కనబడును, ఇంకినట్లు కనబడును; అది పొంగిననాడు ఒడ్డున ఇల్లు కట్టుకొన్నవాడు మాత్రము కనబడడు. ఇది మినార్ దోషము కాదు. పట్టీ చెప్పగలిగినది ఒక్కటే: ఈ సంవత్సరము ఇంత సరకు ఇక్కడనుండి అక్కడికి పోయినది.

ఇక్కడ మా పుట్టినింటి మాట యొకటి చెప్పవలయును. మా తాతగారి కాలమున జొన్నలను పాతరలలో పోసెడివారు. నేలలో బానవలె గొయ్యి త్రవ్వి, గడ్డి పరచి, గింజలు నింపి, మూతిని మట్టితో కప్పివేయుదురు. పైనుండి చూచువారికి అది నేలయే. తీయవలసినప్పుడు మూత తెరచి, లోని విషవాయువు పోవువరకు ఆగి, దీపము దించి చూచి, పిమ్మట మనిషిని దింపుదురు. మా అవ్వ లెక్క రెండు విధములుగ నుండెడిది. వారమునకు ఎన్ని మానికలు పైకి వచ్చినవో గోడమీద బొగ్గుతో గీతలు పెట్టెడిది. ఆ గీతలతో తృప్తిపడక, నెలకొకసారి ముడులు వేసిన త్రాటిని పాతరలోనికి దింపించి, గింజ తగులువరకు ఎన్ని ముడులు పోయినవో అడిగి తెలిసికొనెడిది. గోడమీది గీతలు ప్రతి వారము ఒక్క తీరుగనే యుండెడివి. ముడుల లెక్క మాత్రము మారుచు వచ్చెడిది. ఇంటిలో అందరును గోడనే చూచెడివారు.

మినార్ దూది గోడమీది లెక్క. దూది యేటేట పండునది గావున అంతటితో సరిపోవచ్చును. మరల పండని సరకు సంగతి యేమి?

ఆయనయే 1864వ సంవత్సరమున ఇంగ్లండు బొగ్గు ఏయే దేశములకు పోయినదో చూపుచు మరియొక పటము గీసెను. ఆ చిన్న ద్వీపమునుండి బొగ్గుపట్టీలు సమస్త సముద్రములమీదను ప్రాకియున్నవి. చూచువానికి ఆ దేశపు సంపద అక్షయమని తోచును. సరిగా ఆ దినములలోనే, 1865లో, స్టాన్లీ జెవన్సు అను ముప్పదేండ్ల పండితుడు 'బొగ్గు సమస్య' అను గ్రంథము వ్రాసి, ముడుల త్రాడును గనిలోనికి దింపెను. బొగ్గు రేపే అయిపోవునని ఆయన చెప్పలేదు. వాడుక ఏటేట నూటికి మూడున్నరవంతున హెచ్చుచు పోవుచున్నది. పైపొరలు తరిగినకొలది లోతు పొరలకు పోవలయును. లోతునకు పోయినకొలది ఖర్చు హెచ్చును. కాబట్టి ఈ వృద్ధి ఎంతోకాలము సాగదని చెప్పెను. పొదుపైన యంత్రములు వచ్చిన బొగ్గు మిగులునుగదా యన్నవారికి, యంత్రము చవుకయైనకొలది దాని నెక్కువచోట్ల వాడి మొత్తముమీద బొగ్గు నెక్కువగనే కాల్చుదురని బదులు చెప్పెను. గ్యాసుపొయ్యి వచ్చిన పిమ్మట మన యిండ్లలో పొయ్యి వెలిగించుట తగ్గినదో హెచ్చినదో సోదరీమణులే చెప్పవలయును.

జెవన్సు పొరబడినచోట్లును గలవు. కిరోసిను, పెట్రోలు బొగ్గునకు బదులు నిలుచునని ఆయన యెంచలేదు. ఆయన స్వభావమే కొంత భయస్వభావము. కాగితమునకు కరవు వచ్చునని తలచి ఇంటినిండ కాగితము కొని నిలువచేసెనట. ఆయన పోయిన యాబదేండ్లకు గూడ సంతానము దానిని వాడి ముగింపలేదని, ఆర్థికశాస్త్రజ్ఞుడు కీన్సు ఆయనను గూర్చి వ్రాసిన వ్యాసమునందు చెప్పెను. ఇది చదివినప్పుడు మాకు మా పినతల్లిగారి కోడలు జ్ఞప్తికి వచ్చినది. ఇద్దరిదియు ఒకే గోత్రము.

అయినను అసలు మాట నిలిచినది. ఇంగ్లండు బొగ్గు త్రవ్వకము 1913లో 28 కోట్ల 70 లక్షల టన్నులతో శిఖరమునందుకొనెను. మరల ఎన్నడును అంత ఎత్తునకు పోలేదు. 2015 డిసెంబరులో ఆ దేశమున చిట్టచివరి లోతుగని మూతపడెను. 2024 సెప్టెంబరు 30వ తేదీన బొగ్గుతో విద్యుత్తు తీయు కడపటి కేంద్రమును గూడ ఆపివేసిరి. నేలలోని బొగ్గు సమూలముగ అయిపోలేదు. తీయుట గిట్టలేదు, మెరుగైనవి వచ్చినవి, పొగ వలన లోకమున కగు కీడును తెలిసినది. పాతర అడుగు కనబడకమునుపే దానిని విడిచిపెట్టవలసిన దినము వచ్చుననుటకు ఇది నిదర్శనము. మినార్ పటములో ప్రపంచమంతయు ప్రాకిన ఆ పట్టీలలో నేడు చెప్పుకొనదగినది మిగులలేదు.

గోడమీది లెక్కను, త్రాటి లెక్కను ఒకే కాగితముమీద గీయుటకు పూనుకొన్నవారిలో ముఖ్యురాలు ఒక స్త్రీ. అమెరికాలో 1941లో జన్మించిన డొనెల్లా మెడోస్ శాస్త్రములో డాక్టరు పట్టము పొంది, భర్తతో కలసి భూమార్గమున ఆసియా ఖండమునందు సింహళమువరకు ఒక యేడాది సంచరించి, తిరిగిపోయి మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయమునందు ఒక చిన్న బృందములో చేరెను. ఆ బృందమువారు జనసంఖ్య, ఆహారము, పరిశ్రమలు, కాలుష్యము, మరల పండని ఖనిజసంపద అను అయిదింటిని ఒకదానిచే నొకటి మారునట్లు సమీకరణములుగ కూర్చి, గణనయంత్రమున కప్పగించిరి. 1972లో వెలువడిన 'వృద్ధికి హద్దులు' అను వారి గ్రంథమునకు రచయితలు నలుగురు. మొదటి పేరు ఆమెది. 1900నుండి 2100వరకు పోవు ఆ చిత్రములలో, ఉన్న తీరుననే పోయినచో, ఖనిజసంపద గీత క్రిందికి జారుచుండగా పరిశ్రమల గీత కొంతకాలము పైపైకి పోవుచునే యుండును. అటుపై 2100 రాకమునుపే అదియును వంగి క్రిందికి పడును. చూచువారికి భయము గొల్పునది ఆ పడుట కాదు. దానికి ముందున్న భాగము. పాతర తరిగిపోవుచున్నను గోడమీది గీతలు ఇంకను హెచ్చుచునే యున్న ఆ కొన్ని యేండ్లు.

ఆ గ్రంథముపై గొప్ప దుమారము రేగెను. ధర హెచ్చినచో మనుష్యుడు మారుసరకును కనిపెట్టును, ఈ పండితులు మనుష్యబుద్ధిని లెక్కలో వేయలేదని ఆర్థికవేత్తలు ఆక్షేపించిరి. ఆక్షేపణలో కొంత న్యాయము లేకపోలేదు. జెవన్సు సంగతి చూచితిమి గదా. తాము జోస్యము చెప్పలేదనియు, ఇట్లు పోయినచో ఇట్లగునని పలుదారులు చూపితిమనియు, వాటిలో క్షేమముగ సాగు దారులును గలవనియు గ్రంథకర్తలు బదులిచ్చిరి. 2021లో గయా హెరింగ్టన్ అను నామె వాస్తవముగ జరిగిన లెక్కలను ఆ గీతలపై పెట్టి పోల్చి, లోకము ఆ దారులలో కొన్నిటికి సమీపముగనే నడచుచున్నదని ప్రకటించెను. మెడోస్ 1985నుండి 2001లో చనిపోవువరకు వారము వారము పత్రికలలో ఒక శీర్షిక నడిపెను. నెల కొకసారి ఈ పుట నింపుటకే ఆపసోపాలు పడు మాకు ఆ విషయమే అన్నిటికంటె ఆశ్చర్యముగ నున్నది.

బియ్యపు పట్టీల మొదలు దేనికి కట్టియున్నదను ప్రశ్న ఇంకను మిగిలియున్నది. దానికి జవాబు దొరకినది ఆకాశమునుండి.

2002 మార్చినెలలో రెండు జంట ఉపగ్రహములను పైకి పంపిరి. వానికి గ్రేస్ అని పేరు. ఒకదాని వెనుక నొకటి సుమారు 220 కిలోమీటర్ల ఎడముతో భూమిని చుట్టుచుండెడివి. క్రింద బరువెక్కువ యున్నచోట మొదటిది కొంచెము ముందుకు లాగబడును. ఆ ఎడములోని వెంట్రుకవాసి మార్పును కొలిచి, క్రింద బరువు హెచ్చినదో తగ్గినదో లెక్కకట్టుదురు. నేలలోని నీరు తరిగిన నేల బరువు తరుగును. బావిలో త్రాడు దింపకయే ఆకాశమునుండి ముడులు లెక్కించు టన్న మాట. 2009లో ప్రకటించిన ఫలితమును బట్టి, 2002 ఆగస్టునుండి 2008 అక్టోబరువరకు గల ఆరేండ్లలో రాజస్థాను, పంజాబు, హర్యానా ప్రాంతములు 109 ఘన కిలోమీటర్ల భూగర్భజలమును కోల్పోయినవి. ఆ యేండ్లలో అక్కడ పెద్ద అనావృష్టి లేదు. తోడినది తోడినట్లు పోయినది.

109 ఘన కిలోమీటర్లనిన మనకు తెలియునట్లు చెప్పవలయును. మన నాగార్జునసాగరమును కట్టిననాడు దాని పూర్తి నిలువ 408 టి.ఎం.సి.లు. అట్టి సాగరములు తొమ్మిది నిండియు ఇంకను మిగులునంత నీరు ఆరేండ్లలో నేలలోనుండి పోయినది. ఆ లెక్కను పటముగ గీసినప్పుడు వాయవ్య భారతముమీద ఎఱ్ఱని మరక ఏర్పడెను. బియ్యపు పట్టీలలో బాస్మతి నిజముగ బయలుదేరునది ఆ చోటనుండియే. రెండు పటములు రెండు శాస్త్రములవారు వేర్వేరుగ గీసినవి. ఒకదానిపై నొకటి పెట్టి చూచువరకు ఒక్కదానికైనను పూర్తి అర్థము లేదు. నిజము చెప్పవలయునన్న, పంజాబులో పండు సాధారణపు వరిలో చాలవరకు ఎగుమతి కాదు, దేశములోని చౌకబియ్యపు దుకాణములకు పోవును. ఎండిన నేలకు విదేశపు ఓడలు మాత్రమే కారణమని చెప్పుట న్యాయము కాదు. మన పళ్లెములకును పట్టీ గలదు. పటములో దానిని గీయరు.

సరకుతోపాటు కంటికి కానరాక పోవు ఈ నీటికి లండనులో ఆచార్యుడైన టోనీ ఆలన్ 1990 దశకము తొలినాళ్లలో పేరు పెట్టెను. మనము దానిని మిథ్యాజల మనవచ్చును. హాలండు దేశపు ఆచార్యుడు ఆర్యెన్ హుక్‌స్ట్రా 2002నుండి దానిని ఒక్కొక్క సరకునకు లెక్కకట్టు పద్ధతి నేర్పరచెను. ప్రపంచపు సగటున కిలో బియ్యము చేతికి వచ్చుటకు సుమారు 2500 లీటర్ల నీరు పట్టును. అందు వానచినుకుగ పడినదియు గలదు, తోడి పెట్టినదియు గలదు. అమెరికా దుకాణములలో సోనామసూరి బస్తా తొమ్మిది కిలోలకు కొంచెము పైన. తొమ్మిదిని 2500తో గుణించిన 22,500 లీటర్లు. పదునైదు లీటర్ల బిందెతో పదునైదువందల బిందెలు. మా పినతల్లిగారి కోడలి కారు గదిలో, ఆ లెక్కను, పదునైదు వేల బిందెల నీరు చేరినది. బిందె చంకనెత్తుకొని నూతినుండి ఇంటికి నడచిన స్త్రీకి ఈ అంకె తెలిసినట్లు ఆచార్యులకు గూడ తెలియదేమో.

సోనామసూరి పంజాబు నీటితో పండునది కాదు. అది మన తెలుగు జిల్లాలలోను కన్నడదేశములోను పండును. కొంత కాలువల నీటితో, కొంత బోర్ల నీటితో. డెల్టాలో కాలువ క్రింద పండిన గింజకు ఏటేట కృష్ణయో గోదావరియో ఋణము తీర్చును. తెలంగాణలోను రాయలసీమలోను రాతినేలలో బోరు వేసి పండించిన గింజ సంగతి వేరు. ఆ రాతిపగుళ్లలో నిలుచు నీరు కొంచెము. వానలు బాగుగ కురిసిన యేట నిండును, లేని యేట అడుగంటును. బస్తామీద రెండింటికి ఒకే పేరు, ఒకే ధర. కాకినాడ రేవున ఓడలోనికి పోయిన తరువాత దేవుడైనను వేరుచేయలేడు.

ఆఫ్రికా సంగతి గూడ మరువరాదు. 2022లో లోకమున దేశమునుండి దేశమునకు పోయిన బియ్యములో నూటికి సుమారు 40 పాళ్లు మనవే. నిషేధము వచ్చిననాడు అమెరికాలోనివారికి తగ్గినది సోనామసూరి మాత్రమే. అక్కడ వేరు రకపు బియ్యము దొరకును, రొట్టె దొరకును. పటములో మోకులవంటి పట్టీలతో మనకు కట్టుబడిన బీదదేశములలో, ఆ పూట చవుకబియ్యముతో కుండ పెట్టు గృహిణి తెల్లవారుజామున ఎవరికి టెలిఫోను చేయును? పట్టీ లావుగ నున్నదనిన మనకు వర్తకమని సంతోషము. అవతలి కొసనున్నవారికి అది పట్టుకొని వ్రేలాడు త్రాడు. ఈ కొస నీరు తరుగుచున్నదని వారి కెవరును పటము పంపలేదు.

నిషేధమును 2024 సెప్టెంబరు 28వ తేదీన తొలగించిరి. అమెరికానుండి మరల టెలిఫోను వచ్చినది, ఈసారి మంచి వేళకే. పది బస్తాలలో రెండు పురుగుపట్టి పారవేసితినని చెప్పుటకు ఆమె సిగ్గుపడినది. మూడువేల బిందెలని మేము మనస్సులో లెక్కకట్టితిమి గాని పైకి అనలేదు.

మా మనుమరాలు ఆ పత్రిక పుటను కత్తిరించి తన పుస్తకములో దాచుకొన్నది. మొన్న సెలవులలో దానిని బయటకు తీసి, పట్టీలన్నియు కలియు చుక్క క్రింద పెన్సిలుతో ఒక బోరు గీయుటకు పూనుకొన్నది. ఎంత లోతు గీయవలయునని యడుగగా, పుట్టినింట సేద్యము చూచు మా తమ్మునికి టెలిఫోను చేయించితిమి. తాతగారి దిగుడుబావి ముప్పదియడుగులనియు, తాను మొదట వేసిన బోరు రెండువందల అడుగులనియు, ఇప్పుడు నడచుచున్నది ఆరువందల అడుగులనియు అతడు చెప్పెను. ముప్పదియడుగులకు ఒక వ్రేలి వెడల్పు అనుకొని పిల్ల కొలుచుకొనుచు గీసినది. హిందూమహాసముద్రము దాటి, పుట అంచు వచ్చినను బోరు ముగియలేదు. అప్పుడు లేచి జిగురుసీసా తెచ్చి, క్రింద ఇంకొక కాగితము అంటించుకొన్నది.